మెత్తబడ్డ బ్రేకు ఏం చెబుతోంది?

(కమ్యూనిటీ రేడియోలో చేసిన ప్రసంగానికి అక్షర రూపం)



నేను ఒమాన్ దేశంలో, మస్కట్ పక్కనున్న మబేలా నుంచి మాట్లాడుతున్నాను. మబేలా అనగానే ఇక్కడి మనవాళ్ళకి ముందు గుర్తొచ్చేది సనాయియా, అంటే షెడ్ల పేట. మన విజయవాడ ఆటోనగర్ లాంటిదన్నమాట. నేను పని నేర్చుకున్నది ఆటోనగర్‌లోనే. ఇక్కడికొచ్చి ఇరవై ఏళ్ళు దాటింది. "ఇంటిల్లిపాదికీ పనికొచ్చే సంగతి ఏదైనా చెప్పండి" అని రేడియో వాళ్ళు అడిగారు. నాకు బాగా తెలిసినవి బ్రేకులు. అందుకని పాత మోటార్‌హోమ్‌లో బ్రేక్ పెడల్ మెత్తబడితే ఏం చూడాలో, ఏ వరసలో చూడాలో ఇవాళ చెప్తాను.

"మోటార్‌హోమ్ మాకెక్కడిదండీ?" అనుకోకండి. అమెరికా, కెనడా, ఆస్ట్రేలియాల్లో ఉన్న మన కుటుంబాలు సెలవుల కోసం సెకండ్ హ్యాండ్‌లో ఇలాంటి బళ్ళు కొంటూనే ఉన్నాయి. లోపల పొయ్యి, మంచాలు, ఫ్రిజ్ బాగున్నాయా లేదా అని ఇల్లు కొన్నట్టే చూస్తారు. కింద ఉన్నది నలభై ఏళ్ళ నాటి వ్యాను అన్న మాట చాలామందికి గుర్తుండదు. పైగా నేను చెప్పబోయే పరీక్షలు కారుకీ, స్కూలు వ్యానుకీ కూడా పనికొస్తాయి.

ముందు ఒక్క లెక్క. నాలుగు టన్నుల బండి 800 మీటర్ల ఎత్తు నుంచి కిందికి దిగిందనుకోండి. ఆ దిగడంలో పుట్టే శక్తి సుమారు 90 లీటర్ల చల్లటి నీళ్ళను మరిగే దాకా తీసుకురాగలదు. గాలి, ఇంజను కొంత పంచుకుంటాయి. మిగిలిందంతా వేడిగా మారి బ్రేకుల్లోకే పోతుంది. మోటార్‌హోమ్‌లో ఈ బరువు దాక్కుని ఉంటుంది. 200 లీటర్ల నీళ్ళ ట్యాంకు నింపితే 200 కిలోలు ఎక్కినట్టే. దాని పైన గ్యాసు సిలిండర్లు, సామాన్లు, మనుషులు. ఖాళీ బండిని ఊళ్ళో నడిపి చూసి బ్రేకులు బాగున్నాయనుకోవడం అందుకే సరిపోదు.

ఇక బ్రేకు ఎలా పనిచేస్తుందో రెండు ముక్కల్లో. మీరు పెడల్ తొక్కితే మాస్టర్ సిలిండర్‌లో ఒక పిస్టన్ ముందుకి జరిగి బ్రేక్ ఆయిల్‌ని నెడుతుంది. ఆ ఒత్తిడి సన్నటి గొట్టాల్లోంచి నాలుగు చక్రాలకీ పోయి, అక్కడున్న చిన్న పిస్టన్లని కదుపుతుంది. ద్రవం మీద ఒకచోట పెట్టిన ఒత్తిడి అన్నివైపులా సమానంగా పాకుతుందని మనం బళ్ళో చదువుకున్న పాస్కల్ సూత్రమే ఇది. అమెరికాలో మాల్కమ్ లాక్‌హెడ్ అనే ఆయన 1917లో ఇలాంటి బ్రేకుకి పేటెంటు తీసుకున్నాడు. 1921లో డ్యూసెన్‌బర్గ్ అనే కారు నాలుగు చక్రాలకీ ఈ బ్రేకులతో వచ్చింది. వందేళ్ళు దాటినా మూల సూత్రం మారలేదు. ఆయిల్ నొక్కుకుపోదు, గాలి నొక్కుకుపోతుంది. మెత్తదనం గురించి అర్థం కావలసిందంతా దాదాపుగా ఈ ఒక్క మాటలో ఉంది.

జ్వరం అనగానే డాక్టరు ఒకే మాత్ర రాసివ్వడు కదండీ, చలితో వస్తోందా, సాయంత్రాలే వస్తోందా అని అడుగుతాడు. "బ్రేకు మెత్తగా ఉంది" అన్నప్పుడూ అలాగే అడగాలి. నాకు తెలిసి ఈ మెత్తదనం నాలుగు రకాలు.

మొదటిది స్పాంజి రకం. తొక్కితే కింద మెత్తటి దిండు ఉన్నట్టు సాగుతుంది. ఇందులో ముందు అనుమానించాల్సింది గాలిని. లేదా పాతబడిన రబ్బరు గొట్టం లోపలి ఒత్తిడికి బుడగలా ఉబ్బుతూ ఉండొచ్చు.

రెండోది లోతు రకం. మొదటిసారి పెడల్ బాగా కిందికి పోతుంది. వెంటనే రెండోసారి, మూడోసారి తొక్కితే పైకొచ్చి రాయిలా గట్టిగా నిలబడుతుంది. డ్రమ్ములో బ్రేక్ షూలు డ్రమ్ముకి దూరంగా ఉన్నాయని దీని అర్థం. ఆ దూరం దాటడానికే ఆయిల్ అంతా ఖర్చయిపోతోందన్నమాట. రెండోసారి పైకొచ్చినా స్పాంజిలాగే ఉంటే గాలి కూడా ఉన్నట్టు లెక్క.

మూడోది కుంగే రకం. పెడల్ మీద కాలు కదపకుండా పెట్టి ఉంచితే నెమ్మదిగా కిందికి దిగిపోతూ ఉంటుంది. ఆయిల్ ఎక్కడో బయటికి కారుతోంది, లేదా మాస్టర్ సిలిండర్ లోపలి రబ్బరు కప్పులు అరిగి ఆయిల్ వెనక్కి జారిపోతోంది. డబ్బాలో ఆయిల్ తగ్గకుండా పెడల్ కుంగుతుంటే రెండో కారణాన్నే ఎక్కువ అనుమానించాలి. నాలుగింటిలోనూ నన్ను భయపెట్టేది ఇది.

నాలుగోది వేడి రకం. పొద్దున్న బ్రహ్మాండంగా ఉంటుంది, ఘాట్ రోడ్డు దిగేటప్పుడు మెత్తబడుతుంది, ఓ గంట ఆగితే మళ్ళీ బాగుపడుతుంది. ఇది ఆయిల్ మరగడం. బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమని పీల్చుకుంటుంది. డాట్ 3 రకం కొత్త ఆయిల్ కనీసం 205 డిగ్రీల సెల్సియస్ దాకా మరగకూడదని ప్రమాణం. అదే ఆయిల్‌లో నీరు 3.7 శాతానికి చేరితే ఆ హద్దు 140 డిగ్రీలకి పడిపోతుంది. డాట్ 4కి ఇవే అంకెలు 230, 155. మరిగిన చోట ఆవిరి బుడగలు పుడతాయి. ఆవిరి కూడా గాలిలాగే నొక్కుకుపోతుంది, పెడల్ నేలకి తగులుతుంది. మా మబేలా సముద్రం పక్కనే ఉంది. ఎండాకాలం ఎండకి తోడు ఉక్క. ఇలాంటి చోట ఆయిల్‌ని రెండేళ్ళకోసారైనా మార్చాలని నేనందరికీ చెప్తుంటాను.

ఇక్కడ ఒక తేడా గమనించండి. పెడల్ గట్టిగానే ఉండి బండి మాత్రం ఆగకపోతే అది వేరే సంగతి. లైనింగులు కాలిపోయి పట్టు పోయిందని, లేకపోతే బూస్టర్ పనిచెయ్యడం లేదని అనుకోవాలి. మెత్తబడిన పెడల్‌కి బూస్టర్ మార్చేసి డబ్బు తగలేసినవాళ్ళని చూశాను.

ఇప్పుడు మా షెడ్డుకి వచ్చిన ఒక బండి సంగతి చెప్తాను. 1980ల నాటి వ్యాను మీద కట్టిన మోటార్‌హోమ్. ముందు చక్రాలకి డిస్కులు, వెనక చక్రాలకి డ్రమ్ములు. దేశం వదిలి వెళ్ళిపోతున్న ఒక యూరప్ ఆయన దగ్గర మన తెలుగు కుర్రాడొకాయన కొన్నాడు. ఖరీఫ్ రోజుల్లో భార్యనీ, ఇద్దరు పిల్లల్నీ సలాలా తీసుకెళ్ళాలని ఆయన సరదా. ఒమాన్‌లో ఖరీఫ్ అంటే పంట కాదండోయ్, జూన్ చివరి నుంచి సెప్టెంబరు దాకా సలాలా వైపు పడే వానజల్లుల కాలం. మస్కట్ నుంచి సుమారు వెయ్యి కిలోమీటర్లు. ఆదమ్, హైమా, థుమ్రైత్ మీదుగా దారంతా ఎడారి, దాదాపు చదును. చివర్లో కొండల మీద నుంచి సలాలాకి దిగాలి. ఆ రోజుల్లో అక్కడ పొగమంచు, జల్లు, తడిసిన రోడ్డు. తొమ్మిది వందల కిలోమీటర్లకి పైగా బ్రేకుతో పెద్ద పని పడదు. పని పడే చోట మాత్రం అది ఉండి తీరాలి.

అప్పటికే వేరే చోట రెండుసార్లు గాలి తీయించాడట. వారం తిరక్కుండా మళ్ళీ అదే మెత్తదనం.

"రెండోసారి తొక్కితే గట్టిగానే వస్తోంది బాబాయ్ గారూ. జాగ్రత్తగా నడుపుకుంటే సరిపోదా?" అన్నాడు.

నేను జవాబు చెప్పేలోపే ఆయన భార్య అడిగింది. "రెండోసారి తొక్కేలోపు బండి ఎంత దూరం పోతుందండీ?"

లెక్క కట్టి చెప్పాను. గంటకి 80 కిలోమీటర్ల మీద బండి సెకనుకి 22 మీటర్లు పోతుంది. కాలు ఎత్తి మళ్ళీ తొక్కడానికి ఒక్క సెకను పట్టినా నాలుగు కార్ల పొడవు కంటే ఎక్కువే. ఆయన మరి మాట్లాడలేదు.

ఏ వరసలో చూశామో చెప్తాను, ఆ వరసే ముఖ్యం. చక్రం విప్పకముందే కంటితో చూశాం. ఆయిల్ డబ్బాలో మట్టం ఎంత, రంగు ఏమిటి? లేత తేనె రంగులో ఉండాల్సింది మరీ నల్లబడి డికాషన్‌లా ఉంది. టైర్ల లోపలి వైపు తడి ఉందా, మాస్టర్ సిలిండర్ వెనక చెమ్మ ఉందా అని చూశాం. ఎక్కడా కారడం లేదు.

తర్వాత ఇంజను ఆపి, బూస్టర్‌లో మిగిలిన వాక్యూమ్ పోయేదాకా నాలుగైదు సార్లు తొక్కి, ఆపైన కాలు నొక్కిపట్టి ముప్ఫై సెకన్లు లెక్కపెట్టాం. పెడల్ కుంగలేదు. అంటే ప్రస్తుతానికి మాస్టర్ సిలిండర్ నిలబడుతోంది. అలా తొక్కి ఉంచే ఇంజను స్టార్ట్ చేస్తే పెడల్ కాస్త కిందికి జారింది. బూస్టర్ బాగుందని దానికి గుర్తు. ఈ చిన్న జారుడు చూసి కంగారు పడక్కర్లేదు.

మూడో పరీక్ష మా ఆటోనగర్ మేస్త్రి నేర్పింది. హ్యాండ్ బ్రేకు పూర్తిగా లాగి, అప్పుడు పెడల్ తొక్కి చూడాలి. హ్యాండ్ బ్రేకు వెనక షూలని డ్రమ్ముకి దగ్గర చేస్తుంది కాబట్టి, పెడల్ ముందుకంటే బాగా పైన పట్టుకుంటే వెనక అడ్జస్ట్‌మెంట్ పోయినట్టే. ఈ బండిలో సరిగ్గా అదే జరిగింది. డ్రమ్ములు విప్పితే షూలని తనంతట తాను సరిచేసుకోవాల్సిన అడ్జస్టర్లు తుప్పు పట్టి బిగుసుకుపోయి ఉన్నాయి.

డ్రమ్ములు విప్పే వాళ్ళకి ఒక హెచ్చరిక. పాత లైనింగుల్లో ఆస్‌బెస్టాస్ ఉండేది. ఆ దుమ్ముని నోటితో గానీ, కంప్రెసర్ గాలితో గానీ ఊదకండి. తడిగుడ్డతో తుడవండి, పిల్లల్ని దగ్గరికి రానివ్వకండి. జాకీ ఒక్కదాని మీద నిలబెట్టిన బండి కిందికి ఎప్పుడూ దూరకండి, స్టాండ్లు పెట్టండి.

అడ్జస్టర్లు శుభ్రం చేసి, డ్రమ్ము తిప్పితే షూ రాసుకునేదాకా బిగించి, స్వేచ్ఛగా తిరిగేదాకా కొంచెం వదిలాం. లోతు సగం తగ్గింది. స్పాంజితనం మాత్రం మిగిలింది.

అప్పుడు ముందు చక్రాల రబ్బరు గొట్టాల మీద చెయ్యి వేసి, ఆయన్ని గట్టిగా తొక్కమన్నాను. కుడివైపు గొట్టం చేతి కింద పొంగడం తెలిసింది. పైన సన్నగా బీటలు. గొట్టాలన్నీ ఒకే వయసువి కాబట్టి ఒకటి మార్చి మిగతావి వదలకూడదు. అన్నీ మార్చాం.

అసలు చిక్కు వెనక ఉంది. రెండుసార్లు గాలి తీసినా ఎందుకు పోలేదు? ఇలాంటి వ్యాన్లలో వెనక ఇరుసు దగ్గర ఒక వాల్వు ఉంటుంది. బండి మీద బరువు ఎక్కువైతే వెనక బ్రేకులకి ఒత్తిడి ఎక్కువ, బరువు తగ్గితే తక్కువ పంపడం దాని పని. ఒక కడ్డీ ఆ వాల్వుని ఇరుసుకి కలుపుతుంది. బండి చాసిస్ కింద జాకీ పెట్టి లేపితే ఇరుసు కిందికి వేలాడుతుంది. వాల్వేమో బండి ఖాళీగా ఉందనుకుని వెనక్కి పోయే దారిని బిగించేస్తుంది. ఆ స్థితిలో ఎంతసేపు గాలి తీసినా వెనకున్న గాలి పూర్తిగా రాదు. అందుకని ఇరుసు కింద స్టాండ్లు పెట్టి, బండి బరువు ఇరుసు మీద పడేలా చేసి గాలి తీశాం. తెల్లటి నురగలాంటి బుడగలు చాలాసేపు వచ్చాయి. మీ బండికి ఈ వాల్వు ఉందో లేదో, దాని మీద గాలి తీసే నిపుల్ విడిగా ఉందో లేదో బండి పుస్తకంలో చూసుకోండి. గాలి ఏ చక్రం నుంచి తియ్యాలన్నదీ అందులోనే ఉంటుంది. సాధారణంగా మాస్టర్ సిలిండర్‌కి దూరంగా ఉన్న చక్రంతో మొదలుపెడతారు.

ఇంకో రెండు చిన్న కిటుకులు. ముందు చక్రాల క్యాలిపర్లు విప్పినప్పుడు కుడిది ఎడమకి, ఎడమది కుడికి తగిలిస్తే గాలి తీసే నిపుల్ కిందికి పోతుంది. గాలి పైనే ఉండిపోతుంది. నిపుల్ ఎప్పుడూ పైవైపు ఉండాలి. రెండోది, పాత బండిలో గాలి తీసేటప్పుడు పెడల్‌ని నేల దాకా తొక్కకూడదు. మాస్టర్ సిలిండర్‌లో రోజూ పిస్టన్ తిరగని చోట తుప్పు, మడ్డి ఉంటాయి. రబ్బరు కప్పులు దాని మీదకి వెళితే కోసుకుపోతాయి. ఆ రోజు బాగానే ఉన్న పెడల్ వారం తర్వాత కుంగడం మొదలెడుతుంది. పెడల్ కింద ఒక చెక్కముక్క పెట్టుకుంటే చాలు.

ఆయిల్ మూత మీద ఏం రాసి ఉంటే అదే పొయ్యండి. డాట్ 5 అనేది సిలికాన్, మిగతావాటితో కలవదు. 5.1 వేరు, అది డాట్ 4 జాతిదే. పేరు చూసి పొరబడకండి. ఇక ఇంజన్ ఆయిల్ గానీ, పవర్ స్టీరింగ్ ఆయిల్ గానీ ఒక్క చెంచా పడ్డా రబ్బర్లు ఉబ్బి మొత్తం పాడవుతాయి.

ఆ బండికి వెనక వీల్ సిలిండర్లు కూడా మార్చాలన్నాను. రబ్బరు తొడుగు ఎత్తి చూస్తే లోపల తడి ఉంది. ఇంకా బయటికి కారడం లేదంతే. ఆ పాత మోడల్‌వి ఇక్కడ దొరకలేదు, బయటి దేశం నుంచి తెప్పించాలి. పిల్లలకి సెలవులు, ఆఫీసులో ఆయనకి దొరికిన లీవు అయిపోతున్నాయి. "ఇప్పుడు పెడల్ బాగానే ఉంది కదా, వచ్చాక మార్చుకుంటాను" అన్నాడు.

బండి ఆయనది, తాళం ఆపే హక్కు నాకు లేదు. నేనన్నది ఇంతే. "బాబూ, తాళం ఇస్తాను. మీరు ఒక్కరే ఊళ్ళో నెమ్మదిగా నడుపుకోండి. పిల్లల్ని ఎక్కించుకుని కొండ దిగుతానంటే మాత్రం నా చేత సరే అనిపించుకోలేరు."

చివరికి బండిని షెడ్డులోనే ఉంచారు. సామాన్లు వచ్చేసరికి మూడు వారాలు పట్టింది. ఆగస్టులో, మిగిలిన నాలుగు రోజుల లీవుతో వెళ్ళొచ్చారు. ఆ మూడు వారాలూ పిల్లలు అలిగారట. అలిగితే అలిగారు.

పని అయ్యాక పరీక్ష ఎలా చెయ్యాలి? ముందు కదలకుండా, ముప్ఫై సెకన్ల పరీక్ష. తర్వాత ఖాళీ స్థలంలో గంటకి 20 కిలోమీటర్ల మీద ఆపి చూడాలి, ఆపైన 40. బండి ఒక పక్కకి లాగుతోందా? దిగి ప్రతి చక్రం దగ్గరా వేడి చూడాలి, ముట్టుకోకుండా, చెయ్యి దగ్గరగా పెట్టి. ఒకటి మిగతావాటికంటే బాగా కాలుతుంటే అది పట్టేసి ఉంది. ఒకటే చల్లగా ఉంటే అది పనిచెయ్యడం లేదు. అన్నీ సరిగ్గా ఉంటే నీళ్ళు, సామాన్లు నింపి మళ్ళీ చూడాలి.

ఇక కొండ దిగడం. తిరుమల నుంచి కిందికి వచ్చేటప్పుడు బస్సు డ్రైవర్లు చేసేది గుర్తుచేసుకోండి. దిగుడు మొదలవకముందే చిన్న గేరులో వేస్తారు. ఇంజనే బండిని పట్టుకుంటుంది. బ్రేకు మీద కాలు ఆనించి ఉంచకుండా, వేగం పెరిగినప్పుడు గట్టిగా తొక్కి తగ్గించి, కాలు తీసెయ్యాలి. మాడు వాసన వస్తే సురక్షితమైన చోట ఆపి చల్లారనివ్వాలి. వేడి డ్రమ్ముల మీద నీళ్ళు కొట్టకండి, పగులుతాయి. ఇక్కడ జబల్ అఖ్దర్ ఎక్కే దారిలో పోలీసు చెక్‌పోస్టు ఉంది, ఫోర్ వీల్ డ్రైవ్ బళ్ళనే పైకి పంపుతారు. మనల్ని ఇబ్బంది పెట్టడానికని కొందరు విసుక్కుంటారు. ఆ దిగుడులో మామూలు బండి బ్రేకుల గతేమిటో తెలిసినవాళ్ళు విసుక్కోరు.

ఒకవేళ దిగుతుండగానే పెడల్ నేలకి పోతే? వెంటవెంటనే తొక్కుతూ ఉండండి, కొంత ఒత్తిడి రావచ్చు. గేరు తగ్గించండి. హ్యాండ్ బ్రేకుని ఒక్కసారిగా కాకుండా కొద్దికొద్దిగా లాగండి. ఇంజను మాత్రం ఆపకండి. ఆపితే బూస్టర్ సాయం పోతుంది, తాళం తీస్తే స్టీరింగ్ కూడా బిగుసుకోవచ్చు. హారన్ కొడుతూ, లైట్లు వేస్తూ, ఎదురెక్కే దారి గానీ ఇసుక గానీ దొరికితే అటు తిప్పండి.

అమెరికాలో ఉన్నవాళ్ళకి ఒక్క మాట. అక్కడ పాత మోటార్‌హోమ్‌లలో పేరున్నది జనరల్ మోటార్స్ వాళ్ళు 1973 నుంచి 1978 దాకా చేసిన జీఎంసీ. దానికి చక్రాలు ఆరు, ముందు రెండింటికి డిస్కులు, వెనక నాలుగింటికీ డ్రమ్ములు. అంటే షూలు సర్దాల్సిన చోట్లు, గాలి తీయాల్సిన చోట్లు మామూలు బండికంటే ఎక్కువ. ఏ పాత బండి కొన్నా అమ్మేవాళ్ళని ఈ మూడూ అడగండి. బ్రేక్ ఆయిల్ ఎప్పుడు మార్చారు? రబ్బరు గొట్టాల వయసెంత? డ్రమ్ములు చివరిసారి ఎప్పుడు విప్పారు? మూడింటికీ "గుర్తులేదండీ" అని జవాబొస్తే, బండి ధరలో బ్రేకుల ఖర్చు కూడా కలిపి లెక్కేసుకోండి.

చివరిగా, ఈ వారం సెలవు రోజున మీ బండి ఏదైనా సరే, ఇంటి ముందు నిలబెట్టి, ఇంజను ఆపి, నాలుగైదు సార్లు తొక్కి, ఆపైన ముప్ఫై సెకన్లు కాలు నొక్కిపట్టి చూడండి. ఖర్చు లేదు, పానా పట్టుకునే పని లేదు. కుంగినా, స్పాంజిలా అనిపించినా ఆ బండి తాళం పక్కన పెట్టి మెకానిక్‌కి ఫోన్ చెయ్యండి. మెకానిక్‌తో "బ్రేకు మెత్తగా ఉంది" అని ఊరుకోకుండా, నాలుగింటిలో ఏ రకమో చెప్పండి. ఆయన పని సగం మీరే చేసినవాళ్ళవుతారు.